రాజుకు తుపాకులు ఆపండి, జనానికి గ్యాస్ బండ ఆపకండి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా పొరుగు దేశాల గురించే. ఎవరి బాధ వారిది. ఒకరికి పరీక్ష, ఒకరికి చేపల లోడు, ఒకరికి తాతగారి ఊరు. నేను రాయబారిగా పనిచేసినవాణ్ణి కాను. ఓ తెలుగు దినపత్రికలో విదేశీ వార్తల డెస్కు మీద రాత్రి డ్యూటీలు చేసి రిటైరైనవాణ్ణి. అక్కడ చూసినదాన్ని బట్టే చెబుతాను.

ప్రశ్న: సార్, గ్రూప్-1కి చదువుతున్నాను. పొరుగు దేశాల అంతర్గత వ్యవహారాల్లో తలదూర్చం అని ఒక పేజీలో, ప్రజాస్వామ్యానికి అండగా ఉంటాం అని ఇంకో పేజీలో ఉంది. పక్క దేశంలో పాలకుడు పార్లమెంటును పక్కకు నెట్టి, పత్రికల నోరు నొక్కేస్తే, ఢిల్లీలో విదేశాంగ శాఖ అధికారి ఆ రోజు పొద్దున ఆఫీసుకెళ్లి అసలు ఏం చేస్తాడు?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: అమ్మా, మీరు అడిగిన పొద్దు నాకు తెలిసినది ఒకటుంది. 2005 ఫిబ్రవరి 1. నేపాల్ రాజు జ్ఞానేంద్ర టీవీలో మాట్లాడి ప్రధాని దేవ్‌బా ప్రభుత్వాన్ని తీసేశాడు. అత్యయిక స్థితి పెట్టాడు. ఆయన ప్రసంగం అవుతుండగానే ఖాట్మండులో ఫోన్లు చచ్చిపోయాయి, ఇంటర్నెట్ పోయింది, నాయకులను ఇళ్లలోనే నిర్బంధించారు. మా డెస్కుకు ఖాట్మండు డేట్‌లైన్‌తో (వార్త ఏ ఊరి నుంచి వచ్చిందో చెప్పే మొదటి ముక్క అది) రావలసిన కాపీ రాలేదు. వచ్చిందంతా ఢిల్లీ డేట్‌లైనే. పత్రికాఫీసుల్లో సైనికులు కూర్చున్నారు. రాజును విమర్శిస్తే జైలు కాబట్టి అక్కడి ఒక ఆంగ్ల దినపత్రిక సాక్సుల మీద సంపాదకీయం రాసింది. కాళ్లకు తొడుక్కునే సాక్సులే. ఎఫ్‌ఎం రేడియోల్లో వార్తలు చదవడం నిషేధిస్తే ఒక స్టేషను వాళ్లు వార్తల్ని పాటకట్టి పాడారు. ఇంత తెలివి ఉన్న జనాన్ని ఎంతకాలం తొక్కిపెడతారులే అని ఆ రాత్రే అనిపించింది నాకు.

ఇక ఢిల్లీ ఏం చేసింది? మొదటి రోజే ప్రజాస్వామ్యానికి ఇది తీవ్రమైన ఎదురుదెబ్బ అని ప్రకటన ఇచ్చింది. ఆ వారమే ఢాకాలో దక్షిణాసియా దేశాల కూటమి సార్క్ శిఖరాగ్ర సభ జరగాలి. మన ప్రధాని రానన్నారు. ఢాకాలో భద్రత బాగాలేదన్నది ఒక కారణం, ఇరుగుపొరుగు పరిణామాలన్నది మరొకటి. మనం రాకపోతే సార్క్ జరగదు. అంటే అధికారమంతా చేతిలోకి తీసుకున్న వారం రోజుల్లోపే ఇతర దేశాధినేతల సరసన నిలబడి ఫొటో దిగే అవకాశం రాజుకు పోయింది. ఫొటోయే కదా అనుకోకండి. అడ్డదారిన వచ్చిన పాలకుడికి మొదటి నెలలో దానికి మించిన పెట్టుబడి లేదు.

అసలు దెబ్బ ఆ తర్వాతది. నేపాల్ సైన్యానికి మన నుంచి వెళ్లే ఆయుధాలు ఆగాయి. అప్పటిదాకా ఇన్సాస్ రైఫిళ్లు మనమే ఇస్తున్నాం, అదీ చాలా రాయితీకి. బ్రిటన్ కూడా ఆపింది, అమెరికా కూడా ఆపింది. రాజు చైనా నుంచి కొన్ని తెచ్చుకున్నాడు గానీ, మన రైఫిల్‌కు దానికి సరిపడే తూటాయే కావాలి. ఒక సైన్యం అలవాటుపడిన తుపాకీని రాత్రికి రాత్రి మార్చలేదు. అదే సమయంలో బియ్యం ఆగలేదు, పెట్రోలు ఆగలేదు, సరిహద్దు గేటు ఒక్కటి కూడా మూయలేదు. కూలి కోసం ఇటొచ్చే నేపాలీలు రోజూ వస్తూనే ఉన్నారు. మీరు పరీక్షలో ఏం రాస్తారో మీ ఇష్టం గానీ, నాకు తెలిసిన విదేశాంగ విధానం ఇంతే. రాజుకు ఏది లేకపోతే గడవదో అది ఆపాలి, జనానికి ఏది లేకపోతే గడవదో దాని జోలికి పోకూడదు.

మూడో పని బయటికి కనపడలేదు. నేపాల్ పార్టీల నాయకులకు, చివరికి పదేళ్లుగా తుపాకులు పట్టిన మావోయిస్టులకు కూడా, ఢిల్లీలో కూర్చుని మాట్లాడుకోవడానికి చోటు దొరికింది. మేమేమీ చేయలేదు అని మన అధికారులు పైకి అంటూనే ఉన్నారు. 2005 నవంబరు 22న ఏడు పార్టీల కూటమికీ మావోయిస్టులకూ మధ్య 12 అంశాల అవగాహన కుదిరింది ఢిల్లీలోనే. ఇక్కడ మనవాడి పేరు చెప్పకుండా ఉండలేను. మద్రాసులో పుట్టి, హైదరాబాదులో పెరిగిన సీతారాం ఏచూరి ఆ మధ్యవర్తిత్వంలో పెద్ద చేయి. ఆయన పార్టీ అప్పుడు మన్మోహన్ ప్రభుత్వానికి బయటినుంచి మద్దతిస్తోంది. ప్రభుత్వ ప్రతినిధి కాదు కనుక ఎవరితోనైనా కూర్చోగలడు. ప్రభుత్వానికి దగ్గరివాడు కనుక ఆయన మాటకు విలువుంది. 2024 సెప్టెంబరులో ఆయన పోయినప్పుడు ఖాట్మండులో అన్ని పార్టీల వాళ్లూ బాధపడ్డారంటే కారణం అదే.

ఆ రోజుల్లో మన దగ్గర పరిస్థితి గుర్తు చేసుకోండి. 2005 జనవరిలోనే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ మావోయిస్టులకూ మధ్య చర్చలు చెడిపోయాయి, ఆగస్టులో మళ్లీ నిషేధం వచ్చింది. పశుపతి నుంచి తిరుపతి దాకా ఎర్ర నడవా అని పోలీసు పెద్దలు మ్యాపులు చూపిస్తున్నారు. మావోయిస్టులను అణచాలంటే నేపాల్ రాజు చేతిలో తుపాకీ ఉండాల్సిందే అనేవాళ్లు ఢిల్లీలో తక్కువేమీ లేరు. మన సైన్యంలో గూర్ఖా రెజిమెంట్లున్నాయి, రెండు సైన్యాల అధిపతులూ ఒకరికొకరు గౌరవ జనరళ్లు, ఆ బంధం చెడుతుందని బెంగ. ఇన్ని ఉన్నా ఆయుధాలు ఆపారు. అందుకే ఆ నిర్ణయానికి నేను మార్కులు ఎక్కువ వేస్తాను.

అంతా సవ్యంగా జరిగిందనుకునేరు. 2006 ఏప్రిల్‌లో ఖాట్మండు రింగ్ రోడ్డు మీద లక్షల జనం కర్ఫ్యూ లెక్కచేయకుండా నడుస్తున్నారు. అప్పుడు ఢిల్లీ దూతగా వెళ్లింది కరణ్ సింగ్. జమ్మూ కశ్మీర్ రాజవంశీకుడు, భార్య నేపాల్ రాణాల ఇంటి ఆడపడుచు. రాజుతో మాట్లాడటానికి మరో రాజా. వీధిలో ఉన్న కుర్రాళ్లకు అది ఎలా కనిపించి ఉంటుందో చూడండి. ఏప్రిల్ 21న రాజు, ప్రధాని పేరు మీరే చెప్పండి అని పార్టీలకు ఒక ముక్క విసిరాడు. పార్లమెంటు ఊసు లేదు. ఢిల్లీ వెంటనే భేష్ అంది. రింగ్ రోడ్డు భగ్గుమంది, పార్టీలు ఛీ పొమ్మన్నాయి. మర్నాడే విదేశాంగ కార్యదర్శి శ్యామ్ శరణ్ విలేఖరుల ముందుకొచ్చి, నేపాల్ ప్రజలు ఏది కోరితే మేము దానివైపే అని సర్దుకోవలసి వచ్చింది. 24 అర్ధరాత్రికి ముందు రాజు దిగొచ్చి పార్లమెంటును పునరుద్ధరించాడు. పాలకుడు సగం మెట్టు దిగినప్పుడు పొరుగువాడు చప్పట్లు కొట్టకూడదు. చాలినంత దిగాడా లేదా అన్నది వీధిలో దెబ్బలు తిన్నవాడు చెప్పాలి.

ప్రశ్న: అన్నగారూ, మాది చేపల వ్యాపారం. బీహారుకూ, రక్సౌల్ మీదుగా నేపాల్‌కూ లోడ్లు పంపేవాళ్లం. 2015లో దసరా ముందు మా లోడు రక్సౌల్‌లో ఇరుక్కుపోయింది. డ్రైవరు ఫోన్ చేసి ఐస్ కరిగి లారీ కింద నీళ్లు కారుతున్నాయి, ముందు ఎన్ని లారీలున్నాయో కనపడట్లేదు అన్నాడు. రెండోసారి ఐస్ వేయించాం. మూడోసారి వేయించడం దండగని రవ్వ, బొచ్చె అన్నీ అక్కడే అయినకాడికి తెగనమ్ముకున్నాం. ప్రజాస్వామ్యం కోసం అని మా మేనల్లుడు అంటాడు. ఎవరి ప్రజాస్వామ్యం అండీ?
– ఒక పాఠకుడు, ఆకివీడు

జవాబు: మీ మేనల్లుడు చెప్పినంత తేలిక కాదది. మీరు నష్టపోయిన మాట నిజం, ఆ డబ్బు తిరిగి రాదన్నదీ నిజం.

నేపాల్ 2015 సెప్టెంబరు 20న కొత్త రాజ్యాంగం తెచ్చుకుంది. మన సరిహద్దును ఆనుకున్న తరాయి మైదానంలో ఉండే మధేశీలకు అందులో అన్యాయం జరిగిందని గొడవలు, కాల్పులు, చావులు. వాళ్ల ఫిర్యాదులో బలం ఉంది. ప్రకటనకు రెండు రోజుల ముందు మన విదేశాంగ కార్యదర్శిగా ఉన్న జైశంకర్ ఖాట్మండు వెళ్లి ఆగమని చెప్పి చూశారు. ఆగలేదు. ఆ వెంటనే రక్సౌల్–బీర్‌గంజ్ మధ్య వంతెన మీద మధేశీ నిరసనకారులు బైఠాయించారు. మన వైపు లారీలు కదలలేదు. మేము ఆపలేదు, అటువైపు భద్రత లేక డ్రైవర్లే వెళ్లడం లేదు అని ఢిల్లీ అంది. వంతెన మీద జనం కూర్చున్న మాట నిజమే. అయితే వంతెనలే లేని మిగతా దారుల్లో కూడా పెట్రోలు ట్యాంకర్లు ఎందుకు పలచబడ్డాయో చెప్పినవాడు లేడు. నేపాలీలు మాత్రం దాన్ని దిగ్బంధం అనే అన్నారు, ఇప్పటికీ అంటారు.

అప్పటికి భూకంపం వచ్చి అయిదు నెలలు. ఇళ్లు కూలినవాళ్లు రేకుల కింద ఉన్నారు, ముందు చలికాలం. ఆస్పత్రుల్లో మందులు అయిపోయాయి. గ్యాస్ లేక అక్కడి ఆయిల్ కార్పొరేషన్ సగం నింపిన బండలు ఇచ్చింది. ఇంటావిడ సగం బండ మోసుకుని వచ్చి, కట్టెల పొయ్యి రాజేసుకుంటూ ఎవరిని తిట్టుకుంటుంది? మధేశీలకు సీట్లు తగ్గించిన ఖాట్మండు నాయకులనా? కాదు, మనల్ని. అక్టోబరులో ప్రధాని అయిన కె.పి. ఓలీకి అది వరమైంది. 2016 మార్చిలో బీజింగ్ వెళ్లి చైనా రేవుల గుండా సరుకు రవాణాకు ఒప్పందం రాసుకొచ్చాడు. 2017 ఎన్నికల్లో ఆయన కూటమి మూడింట రెండు వంతులకు దగ్గరగా గెలిచింది. మన లారీలు ఆగకపోతే ఆయనకు అన్ని సీట్లు రావని నా నమ్మకం.

1989లో రాజీవ్ గాంధీ కూడా ఇదే చేశాడు. వాణిజ్య, రవాణా ఒప్పందాల గడువు తీరిందని రెండు దారులు తప్ప మిగతా దాదాపు అన్నీ మూసేశాడు. మరుసటి ఏడాదే అక్కడ జనం లేచి రాజు చేత బహుళ పార్టీ వ్యవస్థ పెట్టించారు కాబట్టి, చూశారా పనిచేసింది అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఆ దిగ్బంధం ప్రజాస్వామ్యం కోసం పెట్టింది కాదు, చైనా ఆయుధాలు కొన్నందుకు పెట్టింది. ఉద్యమం నడిపింది నేపాలీ కాంగ్రెసు, వామపక్షాలు. కిరోసిన్ దొరకని కోపం దానికి కలిసొచ్చి ఉండొచ్చు. కానీ అప్పుడు ఇంట్లో కిరోసిన్ లేక దీపం ముందు కూర్చోలేని పిల్లలే పెద్దయ్యాక 2015లో ఇండియా అంటే పళ్లు కొరికారు.

మీ లారీ విషయంలో ఇంకోమాట. అలాంటప్పుడు చెడిపోయే సరుకుకైనా, మందులకైనా వేరే దారి తెరిచి ఉంచడం ప్రభుత్వానికి కష్టమేమీ కాదు. చేయలేదు.

ప్రశ్న: ఎమర్జెన్సీ పెట్టిన దేశం మనది. ఇంకొకరికి నీతులు చెప్పే హక్కు మనకెక్కడిది?
– ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: నీతులు చెప్పే హక్కు లేదు. చెప్పమని నేనూ అనడం లేదు. ఆయుధాలు అమ్మకపోవడం నీతి చెప్పడం కాదు, మన సరుకు మన ఇష్టం.

చరిత్ర మాత్రం మీరనుకున్నంత ఏకపక్షం కాదు. 1960 డిసెంబరులో నేపాల్ రాజు మహేంద్ర ప్రజలు ఎన్నుకున్న బి.పి. కొయిరాలా ప్రభుత్వాన్ని కూలదోసి ఆయన్ను జైల్లో పెట్టాడు. ఎనిమిదేళ్ల తర్వాత విడుదలై ఆయన వచ్చింది కాశీకి. మన ఎమర్జెన్సీ మధ్యలో, 1976 డిసెంబరు 30న, తిరిగి ఖాట్మండు వెళ్లి దిగగానే మళ్లీ అరెస్టయ్యాడు. అంతకు ముందు, క్విట్ ఇండియా రోజుల్లో, మన జయప్రకాశ్ నారాయణ తెల్లవాళ్ల జైలు నుంచి తప్పించుకుని దాక్కున్నది నేపాల్ తరాయిలో. అటువైపు వాళ్లు పట్టుకుంటే హనుమాన్‌నగర్ జైలు నుంచి సహచరులు విడిపించారు. అవతల కష్టమొస్తే ఇవతలికి, ఇవతల కష్టమొస్తే అవతలికి జనం దాటారు. వచ్చినవాళ్లను తరిమేయకపోవడం కూడా విదేశాంగ విధానమే.

ప్రశ్న: గురువు గారికి నమస్కారం. 1988లో మాల్దీవులకు రాజీవ్ గాంధీ సైన్యాన్ని పంపాడు. 2018లో అక్కడ సుప్రీంకోర్టు జడ్జీలనే అరెస్టు చేస్తే మనం ఎందుకు చూస్తూ ఊరుకున్నాం? మా జిల్లా కంపెనీ జీఎంఆర్‌ను ఆ దేశం వెళ్లగొట్టినప్పుడూ ఊరుకున్నాం. చిన్న దేశానికి కూడా లోకువైపోయామా?
– రిటైర్డ్ హెడ్మాస్టర్, రాజాం

జవాబు: మాస్టారూ, మీరు కలిపి అడిగిన మూడింటికీ మూడు లెక్కలు.

1988 నవంబరు 3న మాల్దీవుల రాజధాని మాలేలో దిగింది కిరాయి సైనికులు. గద్దె మీద ఉన్న అధ్యక్షుడు గయూమ్ స్వయంగా మనల్ని రమ్మన్నాడు. ఆగ్రా నుంచి పారాట్రూపర్లు వెళ్లి ఆ రాత్రికే పని ముగించారు. 2018 ఫిబ్రవరిలో కథ తిరగబడింది. జైళ్లలో ఉన్న ప్రతిపక్ష నేతలను వదిలేయమని సుప్రీంకోర్టు ఫిబ్రవరి 1న తీర్పు చెబితే, 5న అధ్యక్షుడు యమీన్ అత్యయిక స్థితి పెట్టి ప్రధాన న్యాయమూర్తినీ, మరో జడ్జినీ, సొంత సవతి అన్న అయిన ఆ గయూమ్‌నూ లోపలేశాడు. కొలంబోలో తలదాచుకున్న మాజీ అధ్యక్షుడు నషీద్, సైన్యం అండతో దూతను పంపమని ఢిల్లీని బహిరంగంగా అడిగాడు. టీవీ స్టూడియోల్లో అయితే ఆ రాత్రే మన ఓడలు బయల్దేరాయి. ప్రభుత్వం మాత్రం పంపలేదు. సరైన పని చేసింది. పంపితే యమీన్‌ను దించడం పెద్ద పనేం కాదు. కానీ ఆ మర్నాటి నుంచి అక్కడ ఏ ప్రభుత్వం వచ్చినా ఇండియా పెట్టిన ప్రభుత్వమే అవుతుంది.

పంపకపోయినా చేసినవి ఉన్నాయి. యమీన్ తన దూతలను చైనాకు, పాకిస్తాన్‌కు, సౌదీకి పంపాడు. మన దగ్గరికి పంపుతానంటే ఆ తేదీలు మాకు కుదరవు అన్నారు. అంతకు ముందు 2015లో నషీద్‌కు 13 ఏళ్ల శిక్ష వేసినప్పుడు మోదీ సెషెల్స్, మారిషస్, శ్రీలంక తిరిగి మాల్దీవులు ఒక్కటే వదిలేసి వచ్చారు. మరోపక్క 2014 డిసెంబరులో మాలేలో మంచినీటి ప్లాంటు తగలబడి ఊరంతా గుక్కెడు నీళ్లకు అల్లాడితే, అదే యమీన్ ప్రభుత్వం ఉన్నా మన విమానాలూ, నౌకాదళం ఓడలూ నీళ్లు మోసుకెళ్లాయి. యమీన్ ముఖం చూసి నీళ్లు ఆపి ఉంటే? 2018 సెప్టెంబరు 23న అక్కడ 89 శాతం జనం వచ్చి ఓట్లేసి ఆయన్ను దించేశారు. ఆయన మీద గెలిచిన సోలిహ్ ప్రమాణ స్వీకారానికి మన ప్రధాని వెళ్లారు.

ఇక మీ జీఎంఆర్. 2012 ఫిబ్రవరిలో పోలీసుల, సైనికుల తిరుగుబాటు మధ్య నషీద్ రాజీనామా చేశాడు. తుపాకీ చూపించి చేయించారు అని మర్నాడే చెప్పాడు. కానీ ఆ మర్నాడే ఢిల్లీ కొత్త అధ్యక్షుడు వహీద్‌కు శుభాకాంక్షలు పంపేసింది. ఆ ఏడాది నవంబరులో అదే వహీద్ ప్రభుత్వం మాలే విమానాశ్రయం ఒప్పందాన్ని రద్దు చేసి కంపెనీని బయటికి పంపింది. తర్వాత మధ్యవర్తుల తీర్పుతో సుమారు 27 కోట్ల డాలర్ల పరిహారం కట్టాల్సి వచ్చిందనుకోండి, అది వేరు. గుర్తింపు అనేది పొరుగు దేశం చేతిలో ఉన్న మంచి సరుకు. నాలుగు రోజులు ఆగి, ఎన్నికల తేదీ చెప్పు, తర్వాత చూద్దాం అనగలిగేది. ఒక్క పూటలో ఊరికే ఇచ్చేశాం.

2023లో ఇండియా అవుట్ అన్నవాళ్లే గెలిచారు కదా అంటారేమో. గెలిచారు, ఓట్లతో గెలిచారు. అక్కడున్న మన సైనికులు 2024 మే నాటికి వచ్చేశారు. ప్రజాస్వామ్యం అంటే మనకు నచ్చినవాడు గెలవడం కాదు కదా మాస్టారూ.

ప్రశ్న: మా తాతలు రంగం (బర్మాలో రంగూన్) నుంచి వచ్చారు. మేముండేది బర్మా క్యాంప్‌లో. 2021లో అక్కడ సైన్యం మళ్లీ గద్దెనెక్కినప్పటి నుంచి మన ప్రభుత్వం నోరు మెదపదేం?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: అమ్మా, మీ ఇంటి కథే ఈ ప్రశ్నకు సగం జవాబు. 1962లో నెవిన్ సైనిక ప్రభుత్వం వచ్చి, తర్వాత రెండేళ్లకు దుకాణాలు, వ్యాపారాలు జాతీయం చేస్తే లక్షల మంది భారతీయులు కట్టుబట్టలతో వచ్చారు. మనం ఓడలు వేసి తెచ్చుకున్నాం. రంగంలో సైన్యం గద్దెనెక్కితే విశాఖలో ఒక పేట వెలిసింది. అంతర్గత వ్యవహారం అనేవాళ్లను ఒకసారి మీ వీధికి తీసుకురావాలి.

నోరు మెదపకపోవడానికి చరిత్ర ఉంది, అందులో మన పి.వి. నరసింహారావుకూ వాటా ఉంది. 1988లో రంగంలో విద్యార్థుల మీద కాల్పులు జరిగినప్పుడు మనం గట్టిగానే ఉన్నాం. పారిపోయి వచ్చినవాళ్లకు మిజోరం, మణిపూర్‌లలో శిబిరాలు పెట్టాం, ఆకాశవాణి బర్మీస్ ప్రసారాలు అక్కడి సైన్యానికి చెవిలో జోరీగయ్యాయి. ఆ అయిదేళ్లలో చైనా లోపలికి చొచ్చుకుపోయింది, ఈశాన్య తిరుగుబాటుదారులు అడవుల్లో స్థిరపడ్డారు. పి.వి. హయాంలో, 1993లో, విదేశాంగ కార్యదర్శి దీక్షిత్ రంగం వెళ్లారు. 1994లో సరిహద్దు వాణిజ్య ఒప్పందం, మరుసటేడు మణిపూర్‌లోని మోరే దగ్గర గేటు. తూర్పు చూపు అన్న విధానానికి అది అవసరమే. 1,600 కిలోమీటర్లకు పైగా సరిహద్దు ఉన్నచోట అవతల ఎవరున్నా మాట్లాడక తప్పదు. అందుకే 2021 జూన్‌లో ఐక్యరాజ్యసమితి తీర్మానం మీద మన తటస్థ ఓటును నేను పెద్దగా తప్పుపట్టను.

నాకు మింగుడుపడనివి వేరే. 2021 మార్చి 27న బర్మా రాజధాని నేపీడాలో సైనిక కవాతుకు ఎనిమిది దేశాల ప్రతినిధులు వెళ్తే అందులో మన రాయబార కార్యాలయంలోని సైనికాధికారి (రక్షణ అటాషే) ఒకరు. అదే రోజు ఆ సైన్యం ఊళ్లలో వందమందికి పైగా జనాన్ని చంపింది. జ్వరం వచ్చిందని చెప్పి మానేయొచ్చు. మాట్లాడటం వేరు, పక్కన కూర్చుని సెల్యూట్ చూడటం వేరు. రెండోది, 2023 మేలో ఐక్యరాజ్యసమితి ప్రత్యేక ప్రతినిధి నివేదిక లెక్క ప్రకారం గద్దెనెక్కిన తర్వాత ఆ సైన్యానికి మన దేశ సంస్థల నుంచి 5.1 కోట్ల డాలర్ల సరుకు వెళ్లింది, అందులో ప్రభుత్వ రంగ సంస్థలదీ ఉంది. రష్యా, చైనాల ముందు అది చిన్న మొత్తమే. 2005లో నేపాల్‌కు ఆపగలిగిన చేయి ఇక్కడ ఎందుకు ఆగలేదు?

ఆదుకునే చేయి కూడా ఆగలేదు, అందుకు సంతోషం. 2021 మార్చిలో కేంద్ర హోంశాఖ నాలుగు సరిహద్దు రాష్ట్రాలకు ఎవరినీ రానివ్వొద్దని ఉత్తరం రాసింది. మిజోరం ముఖ్యమంత్రి జోరంథంగా, వాళ్లు మా రక్తసంబంధీకులు, మొహం తిప్పుకోలేం అని ప్రధానికి తిరుగు జాబు రాశాడు. చర్చిలు, యంగ్ మిజో అసోసియేషన్ చందాలెత్తి ముప్పై వేల మందికి పైగా అన్నం పెట్టాయి. పారిపోయి వచ్చినవాళ్లలో అక్కడ గెలిచిన ప్రజాప్రతినిధులూ ఉన్నారు. రేపు రంగంలో గాలి మారితే మనకు మిగిలే స్నేహితులు వీళ్లే. ఆ స్నేహం ఢిల్లీ చేసింది కాదు, మిజోరం రాజధాని ఐజ్వాల్ చేసింది.

ప్రశ్న: బంగ్లాదేశ్ ప్రధానిగా షేక్ హసీనా మనకు మేలే చేసింది. మరి ఆమెను సమర్థించడం తప్పంటారేం పేపర్ల వాళ్లు?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: మేలు చేసింది, కాదనను. అస్సాం తీవ్రవాద సంస్థ ఉల్ఫా నాయకులను పట్టి అప్పగించింది. ఆ ఒక్క పనితో ఈశాన్యంలో ఎన్ని ప్రాణాలు నిలిచాయో. తప్పు ఆమెతో స్నేహం చేయడంలో లేదు, ఆమెతో మాత్రమే చేయడంలో ఉంది.

నేపాల్ రాజు ఒక్క పొద్దున్నే అంతా చేశాడు కనుక మనకు తేదీ దొరికింది. బంగ్లాదేశ్‌లో అలాంటి తేదీ లేదు. 2014 జనవరి 5 ఎన్నికల్లో 300 స్థానాల్లో 153 చోట్ల పోటీయే లేదు. ఓటు పడకముందే మెజారిటీ వచ్చేసింది. ప్రతిపక్షం బహిష్కరించింది కదా, మేమేం చేస్తాం అన్నారు. దానికి ఒక నెల ముందు మన విదేశాంగ కార్యదర్శి ఢాకా వెళ్తే, పోటీ నుంచి తప్పుకోవద్దని నన్ను ఒత్తిడి చేశారు అని మాజీ సైనిక పాలకుడు, జాతీయ పార్టీ నేత ఎర్షాద్ బయటికొచ్చి చెప్పేశాడు. 2018లో ఇంకో మెట్టు, 2024 జనవరిలో మరొకటి. ప్రతిసారీ మొదటి అభినందనల వరసలో మనమే. ప్రతిపక్ష నేత ఖాలిదా జియా కూడా తక్కువ తినలేదు. 2013 మార్చిలో రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ ఢాకా వెళ్తే, హర్తాళ్ అని చెప్పి కలవకుండా తప్పుకుంది. అయినా పెద్ద దేశం మనం. అవమానం దిగమింగి ఆమె పార్టీలో కిందివాళ్లతోనైనా మాట కలుపుతూ ఉండాల్సింది. 2024 ఆగస్టు 5న జనం తిరగబడితే గద్దె వదిలి పారిపోయి వచ్చిన హసీనా ఢిల్లీ పక్కన హిండన్ విమానాశ్రయంలో దిగింది. అదే రోజు ఢాకా ధన్మండిలో మన ఇందిరాగాంధీ సాంస్కృతిక కేంద్రాన్ని ధ్వంసం చేశారు. సంగీతం నేర్పే చోటు, గ్రంథాలయం. హసీనా మీద కోపం వీణల మీద తీరింది.

అమెరికా 2021 డిసెంబరులో ఇంకోలా చేసింది. దేశం మీద కాకుండా, ఎన్‌కౌంటర్లకు పేరుమోసిన ర్యాబ్ అనే పోలీసు దళం మీదా, దాని అధికారుల మీదా పేరు పెట్టి ఆంక్షలు వేసింది. ఆ తర్వాత క్రాస్‌ఫైర్ (అక్కడ ఎన్‌కౌంటర్‌కు పేరు అది) చావులు బాగా తగ్గాయని అక్కడి హక్కుల సంఘాలు లెక్కకట్టాయి. ఉల్ఫా వాళ్లను పట్టివ్వమని అదే దళాల్ని బతిమాలుకునే పొరుగువాడు ఇలా చేయలేడు, ఒప్పుకుంటాను. దూరం వాడికి సాధ్యమయ్యేవి కొన్ని ఉంటాయి. కనీసం వాళ్లు చేస్తుంటే చాటుగా అడ్డుపడకుండా ఉండొచ్చు.

ప్రశ్న: శ్రీలంకలో 2018లో ప్రధానిని రాత్రికి రాత్రి మార్చేసినప్పుడు మనం ఏమీ చేయలేదు. అది మంచిదేనా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: మంచిదే. అక్టోబరు 26న అధ్యక్షుడు సిరిసేన ప్రధాని రణిల్‌ను తీసి మహింద రాజపక్సను కూర్చోబెట్టాడు. చైనా రాయబారి వెళ్లి అభినందించి వచ్చాడు. మనం అభినందించలేదు, రాజ్యాంగ పద్ధతి పాటిస్తారని ఆశిస్తున్నాం అని ఒక్క వాక్యం అని ఊరుకున్నాం. అక్కడ పార్లమెంటు స్పీకరు తలొగ్గలేదు. సభ్యులు కారప్పొడి నీళ్లు చల్లుకుంటూ కుర్చీలు విసురుకుంటూనైనా రాజపక్సకు మెజారిటీ లేదని తేల్చారు. డిసెంబరు 13న సుప్రీంకోర్టు, సిరిసేన చేసిన పార్లమెంటు రద్దు చెల్లదంది. 16న రణిల్ మళ్లీ ప్రమాణం చేశాడు. వాళ్ల కోర్టు పనిచేస్తోంది, వాళ్ల సభ పనిచేస్తోంది, ఇక మనకేం పని? ఈలోగా కొలంబో వీధుల్లో ఇండియా జెండా ఎవరికీ తగలబెట్టే అవసరం రాలేదు.

ప్రశ్న: నేను లాగోస్‌లో పనిచేస్తాను. 2023లో నైజర్‌లో సైన్యం గద్దెనెక్కితే ఇక్కడి నుంచి కరెంటు కట్ చేశారు. ఫలితం ఉందంటారా?
– ఒక పాఠకుడు, నైజీరియా

జవాబు: లేదు. అప్పుడు నైజర్ కరెంటులో ఎక్కువ భాగం నైజీరియాదే. రాజధాని నియామీలో ఇళ్లు చీకటైపోయాయి, సరిహద్దులో సరుకు ఆగింది, గద్దెనెక్కిన జనరల్ తియానీ కుర్చీలోంచి కదల్లేదు. 2024 ఫిబ్రవరిలో పశ్చిమాఫ్రికా దేశాల కూటమి ఎకోవాస్ ఆంక్షలు ఎత్తేసింది. అంతకు ముందు నెలలోనే నైజర్, మాలి, బుర్కినా ఫాసో కూటమికే దండం పెట్టేశాయి. 2017లో గాంబియాలో అదే కూటమి నెగ్గింది. అయితే అక్కడ ఎన్నికల్లో గెలిచిన అడమా బారో ఉన్నాడు. డకార్‌లోని గాంబియా రాయబార కార్యాలయంలో ప్రమాణం చేసి ఆయనే సాయం అడిగాడు. ఓడిపోయిన జమ్మే సొంత సైన్యమే అతని కోసం చావడానికి సిద్ధంగా లేదు. సెనెగల్ బలగాలు సరిహద్దు దాటాక రెండు రోజుల్లో జమ్మే విమానం ఎక్కేశాడు. నైజర్‌లో పదవి పోగొట్టుకున్న అధ్యక్షుడు బజూమ్ మాత్రం సైన్యం చేతిలోనే బందీగా ఉన్నాడు, తియానీ వెనక సైన్యం మొత్తం ఉంది. మీ దగ్గర తీసేసిన కరెంటు అటు సైన్యం బ్యారక్‌లకు జనరేటర్లుండగా ఎవరికి తగిలిందో మీకే బాగా తెలిసి ఉంటుంది, వీలైతే వివరంగా రాయండి.